నివేదిక ఎవరి సొత్తు?

గుడియాత్తంలో మాకు కావలసిన పెద్దాయన ఒకరున్నారు. పొద్దున్నే ఒక తమిళ పత్రిక, ఒక తెలుగు పత్రిక రెండూ తిరగేస్తే గానీ ఆయన కాఫీ ముట్టరు. 2025 ఆగస్టులో ఆయన్ని చూడబోయినప్పుడు కూర్చోమనకుండానే అడిగారు. "ఏం నాయనా, తప్పెవరిదో తేల్చమని విచారణ వేస్తారు. తేలినాక ఆ కాగితం బయట పెట్టొద్దని కోర్టుకెక్కుతారు. ఇంక విచారణ ఎందుకు?"

ఆయన అడిగింది కాళేశ్వరం సంగతి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్‌ను వేసింది. 2025 జూలై 31న నివేదిక ప్రభుత్వం చేతికి వచ్చింది. దాన్ని నిలిపివేయాలని మాజీ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు, మాజీ మంత్రి హరీశ్‌రావు హైకోర్టుకు వెళ్లారు. తమకు చట్టప్రకారం నోటీసు ఇవ్వకుండా, సాక్షులను ప్రశ్నించే అవకాశం లేకుండా తమ పేరు చెడగొట్టారన్నది వారి వాదన. కోర్టు ఆగస్టు 22న స్టే ఇవ్వలేదు. నివేదికను ఏదైనా వెబ్‌సైటులో పెట్టి ఉంటే మాత్రం తీసేయమంది. ఆగస్టు 31న అది శాసనసభ ముందుకు వచ్చింది.

పెద్దాయన ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే రెండు వైపులా న్యాయం ఉంది.

మొదట చట్టం ఏమంటుందో చూద్దాం. 1952 నాటి విచారణ సంఘాల చట్టం ప్రకారం, కమిషన్ ఇచ్చిన నివేదికను, దానిపై తీసుకున్న చర్యల వివరంతో సహా, ఆరు నెలల్లోగా చట్టసభ ముందు పెట్టాలి. అదే చట్టంలో 8బి అనే సెక్షన్ ఉంది. విచారణవల్ల ఎవరి పరువుకైనా భంగం కలగవచ్చని తోస్తే, ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలి. ఒక సెక్షన్ జనం కోసం, ఇంకొకటి మనిషి పరువు కోసం. కోర్టుకు పోయేవారు సాధారణంగా పట్టుకునేది ఈ రెండో దాన్నే.

కోర్టులు ఇన్నేళ్లుగా ఈ రెంటినీ తూస్తూ వచ్చాయి. కమిషన్ చెప్పేది సిఫారసే తప్ప తీర్పు కాదని సుప్రీంకోర్టు 1958లో దాల్మియా కేసులో తేల్చింది. శిక్ష వేసే అధికారమే లేని కాగితాన్ని ముందుగానే ఆపడం ఎందుకన్న మాట అక్కణ్ణుంచి వస్తుంది. అయితే పరువు కూడా మనిషి ప్రాణంలో భాగమేనని 1989లో కిరణ్ బేదీ కేసులో కోర్టు గుర్తించింది. బీహారులో ఒక విచారణ సంఘం నోటీసు ఇవ్వకుండానే ఎల్.కె.అద్వానీ మీద రాసిన వ్యాఖ్యలు చెల్లవన్న హైకోర్టు తీర్పును 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. తప్పుగా రాసిన మాటను కొట్టేశారు, నివేదికనంతా పాతిపెట్టలేదు.

మన తమిళనాట జరిగింది అందరికీ గుర్తే. జయలలితగారు 2016 డిసెంబరు 5న కన్నుమూశాక, 2017 సెప్టెంబరులో జస్టిస్ ఆరుముగస్వామి కమిషన్ ఏర్పడింది. వైద్యం సంగతులు తేల్చడానికి వైద్యులు లేని కమిషన్ ఎట్లా తగునని అపోలో ఆసుపత్రి కోర్టుకు వెళ్లింది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు కాదన్నా, ఆ నెలలోనే సుప్రీంకోర్టు విచారణను ఆపింది. 2021 నవంబరులో ఎయిమ్స్ వైద్యులను తోడుగా ఇమ్మంది. మూడు నెలల్లో ముగియాల్సిన పని ఐదేళ్లకు చేరి, 2022 అక్టోబరు 18న నివేదిక శాసనసభకు వచ్చింది. చికిత్స సరిగానే జరిగిందని ఎయిమ్స్ వైద్యులు చెబితే, కొందరిపై దర్యాప్తు జరగాలని కమిషన్ చెప్పింది. ఆసుపత్రి అభ్యంతరంలో పస లేదనలేం. కానీ జనం వేచిన కాలం కూడా తక్కువేమీ కాదు.

దీనికి తలకిందులుగా, నివేదికను బయట పెట్టించడానికి కోర్టుకు పోయిన సంగతీ ఉంది. తెలంగాణపై శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న ఇచ్చిన నివేదికలో ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డు కవరులో ఉంచారు. 2011లో హైదరాబాదు హైకోర్టులో జస్టిస్ ఎల్.నరసింహారెడ్డి తన తీర్పులోనే అందులోని భాగాలు ఉదహరించారు. దాచిన మాట అట్లా లోకానికి తెలిసింది.

ఇంత దూరం ఎందుకు, మన పాలారునే చూద్దాం. తోలు శుద్ధి కర్మాగారాల మురుగుతో నీరు, నేల చెడి, వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28 నాటి తీర్పులో కోర్టు ఆధారంగా తీసుకున్నవి సర్వే నివేదికలే. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వేలూరు పరిశోధన కేంద్రం సర్వే చేసి, దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని లెక్క చెప్పింది. ఆ లెక్క ఏ బీరువాలోనో ఉండిపోయి ఉంటే, బావి నీళ్లు ఉప్పగా మారిన రైతు మాటను ఎవరు నమ్మేవారు? 2025 జనవరి 30న సుప్రీంకోర్టు పాలారు గురించి మళ్లీ తీర్పు ఇవ్వవలసి వచ్చింది. అంటే బయటపెట్టిన నివేదికతోనే పని పూర్తి కాదు. కానీ బయటికి రాకపోతే మొదలే కాదు.

ఇంకొక చిక్కు ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడుగుదామన్నా, కోర్టు నిషేధించిన సమాచారానికీ, చట్టసభ హక్కులకు భంగం కలిగించే సమాచారానికీ మినహాయింపు ఉంది. కాబట్టి ఒక్క ఇంజంక్షన్ ఉత్తర్వు పడితే, మామూలు మనిషికి ఆ తలుపు కూడా మూతపడుతుంది. అందుకే అటువంటి ఉత్తర్వు ఇచ్చేముందు కోర్టులు వెనకాడడం సబబే.

ఈ మధ్య మళ్లీ గుడియాత్తం వెళ్లినప్పుడు పెద్దాయనకు ఇదంతా చెప్పాను. నిందపడ్డ మనిషి మాట మొదటే వినాలి, విన్నాక రాసింది జనం ముందు పెట్టాలి, రాసిందాంట్లో తప్పుంటే ఆ తప్పును మటుకు కొట్టేయాలి అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అంటే నోటీసు సరిగా ఇచ్చుంటే సగం కేసులు ఉండవన్న మాట" అన్నారు.

అంతే మరి. విచారణ మొదట్లో చూపించే ఓపిక, చివర్లో కోర్టు మెట్లెక్కే పని తప్పిస్తుంది.