ఆ వెలుగు ఫోన్‌కు ఒకలా.. కంటికి ఒకలా!

మీ ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు ఇప్పటికే స్టేటస్ పెట్టే ఉంటారు. ఎంఎస్ చేయడానికి ఫిన్లాండో, కెనడానో వెళ్లిన మన కరీంనగర్ పిల్లలు.. కింద మంచు, పైన ఆకుపచ్చగా వెలిగిపోతున్న ఆకాశం. నార్తర్న్ లైట్స్! చూడగానే ‘ఒక్కసారైనా వెళ్లాలి’ అనిపిస్తుంది. తప్పకుండా వెళ్లండి. కానీ పార్ట్‌టైమ్ చేసి కూడబెట్టిన డబ్బునో, కొత్త ఉద్యోగంలో దాచుకున్న జీతాన్నో టికెట్ మీద పెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఫొటోలోని ఆకాశం, అక్కడ నిలబడ్డవాళ్ల కంటికి కనిపించిన ఆకాశం.. రెండూ ఒకటి కావు.

కంటికి ఏం కనిపిస్తుంది?

నైట్ మోడ్‌లో ఫోన్ కెమెరా కొన్ని సెకన్ల పాటు పడిన వెలుగునంతా పోగేసి ఒక్క ఫొటోగా ఇస్తుంది. మన కన్ను అలా పోగేయలేదు. పైగా చీకట్లో ఎక్కువగా పనిచేసేవి కంటిలోని రాడ్ కణాలు. వాటికి వెలుగు తెలుస్తుంది గానీ రంగు తెలియదు. అందుకే అరోరా బలహీనంగా ఉన్న రాత్రి అది బూడిద రంగు మబ్బులాగే ఉంటుంది. పక్కవాళ్లు ‘అదిగో’ అని చూపించినా మబ్బే అనుకుంటారు. ఫోన్ పైకెత్తితే మాత్రం స్క్రీన్ నిండా ఆకుపచ్చ! ‘దీనికోసమా ఇంత దూరం వచ్చింది’ అని చాలామంది నిరుత్సాహపడేది ఇక్కడే.

కాస్త ఓపిక పట్టండి. వెలుగు బలపడితే రంగును గుర్తించే కోన్ కణాలూ పనిలోకి దిగుతాయి. ముందు లేత ఆకుపచ్చ తెలుస్తుంది. ఉత్తరాన విల్లులా వంగి ఉన్న కాంతి మెల్లగా పైకి జరుగుతుంది. గాలికి ఊగే తెరలా మడతలు పడుతుంది. నిలువు గీతలు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడతాయి. సరిగ్గా నెత్తి మీదకు వస్తే కిరణాలన్నీ ఒక్కచోటు నుంచి విచ్చుకున్నట్టు ఉంటుంది. కొన్ని నిమిషాలకే అంతా చల్లారిపోవచ్చు. సెకన్ల తరబడి తెరిచి ఉంచిన కెమెరా ఈ కదలికను చెరిపేస్తుంది. రంగులో ఫోన్ గెలిస్తే, కదలికలో కన్ను గెలుస్తుంది. వెళ్లి చూడాల్సింది అందుకే.

మన దగ్గర ఎందుకు రాదు?

సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసినప్పుడు, ఎలక్ట్రాన్లు ధ్రువాల వైపు దూసుకొచ్చి పైన ఉన్న వాయువులను ఢీకొంటాయి. నియాన్ బోర్డులో గ్యాస్ వెలిగినట్టే అవి వెలుగుతాయి. సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చగా, 200 కిలోమీటర్లు దాటాక అదే ఆక్సిజన్ ఎర్రగా కనిపిస్తుంది. కింది అంచున గులాబీ, ఊదా రంగులు నైట్రోజన్‌వి.

నార్వేలోని ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంటే, ఆదిలాబాద్ 20కి, కరీంనగర్ 18కి అటూఇటుగా ఉన్నాయి. మన డాబా మీద నుంచి కనిపించే ఆశ లేనట్టే. అయితే మన దేశంలో అసలు కనిపించదని మాత్రం కాదు. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అక్కడ అబ్జర్వేటరీ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ కెమెరాలు దాన్ని రికార్డు చేశాయి. 2003 తర్వాత భూమిని తాకిన అతి పెద్ద సౌర తుపాను అది. మరి ఆకుపచ్చ ఏమైంది? దూరం నుంచి చూస్తే రామగుండం చిమ్నీల మొదలు కనిపించదు, కొసలే కనిపిస్తాయి కదా! ఇదీ అంతే. ఎక్కడో ఉత్తరాన వెలిగే తెర కింది భాగం భూమి వంపు చాటున ఉండిపోతుంది. పైనున్న ఎరుపు మాత్రమే హాన్లే దాకా అందింది.

వెళ్లేవాళ్లకు..

మన ఇళ్లలో టూర్ అంటే వేసవి సెలవులే. ఇక్కడే లెక్క తప్పుతుంది. మే చివరి నుంచి జులై చివరి దాకా ట్రోమ్సోలో సూర్యుడు అస్తమించడు. చీకటి లేకపోతే అరోరా కనిపించదు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా సరైన సమయం. ఒక్క రాత్రికి ప్లాన్ చేయకండి, మబ్బు పడితే డబ్బులు పోయినట్టే. కనీసం నాలుగైదు రాత్రులు చేతిలో ఉండాలి.

యాప్‌లలో కేపీ ఇండెక్స్ ఒక్కటే చూసి ఆగిపోవద్దు. సౌర గాలిలోని అయస్కాంత క్షేత్రం దిశను చెప్పే ‘బీజెడ్’ విలువ మైనస్‌లో ఉందా లేదా చూడండి. అది చాలాసేపు మైనస్‌లో ఉంటే అవకాశం బాగున్నట్టు. బయటికి వచ్చాక అరగంట ఫోన్ ముట్టుకోకండి. కన్ను చీకటికి అలవాటు పడాలంటే అంత టైమ్ పడుతుంది. ఈ అలవాటు ఇక్కడే చేసుకోవచ్చు. ఉట్నూరు వైపో, కెరమెరి వైపో చుట్టాల ఊరుంటే అమావాస్య రాత్రి డాబా ఎక్కండి. ముందు నాలుగు చుక్కలే కనిపిస్తాయి. అరగంట గడిచాక ఆకాశం నిండిపోతుంది. అదే కన్నుతో రేపు అరోరాను చూస్తారు.

వెలుగు రాదు.. తుపాను వస్తుంది!

అరోరా మన దాకా రాకపోయినా దాని వెనకున్న తుపాను వస్తుంది. 1859 సెప్టెంబరులో వచ్చిన మహా సౌర తుపానును బొంబాయిలోని కొలాబా అబ్జర్వేటరీ పరికరాలు సైతం నమోదు చేశాయి. 1989 మార్చిలో ఇలాంటి తుపానే కెనడాలోని క్యూబెక్ గ్రిడ్‌ను రెండు నిమిషాల్లోపే కూల్చేసింది. సుమారు 60 లక్షల మంది గంటల తరబడి కరెంటు లేకుండా ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో ఒక చిన్న తుపానుకే దాదాపు 40 స్టార్‌లింక్ ఉపగ్రహాలు కాలిపోయాయి. అందుకే ‘స్పేస్ వెదర్’ ఇప్పుడు ఒక కెరీర్. గ్రిడ్‌లు, ఉపగ్రహాలు, జీపీఎస్, విమానయానం.. అందరికీ ఈ సమాచారం కావాలి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ని గమనిస్తోంది. సౌర గాలి సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే అక్కడి నుంచి మన దగ్గరకు రావడానికి 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. ముందస్తు హెచ్చరికకు దొరికే టైమ్ అంతే. ఆ 50 నిమిషాలను మెరుగ్గా వాడుకునే మోడల్ రాయడం మంచి ఫైనలియర్ ప్రాజెక్టు. ఆదిత్య డేటాను ఇస్రో తన ‘ప్రదాన్’ పోర్టల్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. పైథాన్ వస్తే ‘సన్‌పై’ లైబ్రరీ ఉచితం. దీనికి బాసర ట్రిపుల్ ఐటీ హాస్టల్‌లోని ల్యాప్‌టాప్ చాలు, వీసా అక్కర్లేదు.

ఇంటర్ ఎంపీసీ వాళ్లు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీలో చేరొచ్చు. బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లకు జామ్ దారి ఉంది. పరిశోధన వైపు వెళ్లాలంటే అహ్మదాబాద్ పీఆర్‌ఎల్, బెంగళూరు ఐఐఏ, నవీ ముంబయిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నెటిజమ్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ కూడా భూ అయస్కాంత క్షేత్రాన్ని రోజూ కొలుస్తుంది.

ట్రోమ్సో టికెట్‌కు ఇంకా రెండేళ్లు పట్టొచ్చు. ఈలోపు ఏదైనా తుపాను రాత్రి బీజెడ్ గ్రాఫ్ తెరిచి, ఆ గీత కిందికి దిగడం గమనించండి. ఎక్కడో మంచులో నిలబడ్డవాళ్లు తల పైకెత్తే ముందే.. ఏం జరగబోతోందో మీకు తెలిసిపోతుంది.