యంత్రమునకంటె ముందుగా జవాబు చెప్పుట : సీ భాషాభ్యాసమునకొక మార్గము

కంప్యూటరుచే పని చేయించుటకై యేర్పడిన భాషలలో "సీ" యనునది ప్రాతదైనను నేటికిని అనేక విద్యాలయములలో మొదట నేర్పబడుచున్నది. అమెరికా దేశమందలి బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున దీనిని రూపొందించెను. 1978లో అతడును బ్రయాన్ కెర్నిహానును గలసి దీనిపై నొక గ్రంథమును ప్రకటించిరి. మన సీమలో ఇడుపులపాయయందు 2008లోను, కర్నూలునందు 2015లోను ట్రిపుల్ ఐటీలు వెలసినవి గనుక, మన పిల్లలలో పలువురకు ఈ భాషతో పని పడుచున్నది.

అయినను ఇంట కంప్యూటరు లేనిదే ఈ విద్య పట్టుపడదని తలచి కొందఱు తల్లిదండ్రులు నిరాశ పడుచున్నారు. ఆ శంకను దీర్చుటయే మా యుద్దేశము. ఇందులకు రెండభ్యాసములు గలవు. అచ్చువేసిన ప్రోగ్రామును జూచి, యంత్రమును ముట్టకయే, అది యేమి ముద్రించునో ముందుగా చెప్పుట యొకటి. దోషమున్న ప్రోగ్రామునందు ఆ దోషమును వెదకి దిద్దుట రెండవది. నాగపురమునకు చెందిన యశవంత్ కనేట్కర్ వ్రాసిన "లెట్ అస్ సీ" యను పుస్తకమును జూచినవారికి ఈ రెండు తెఱగుల ప్రశ్నలును సుపరిచితములే. రెంటికిని పలకయు బలపమును చాలును.

ఉదాహరణములను జూతము. సీ పదములను ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలయును. చదువుటకు వీలుగా ఇచ్చట తెలుగు లిపిలో నిచ్చుచున్నాము. ముద్రణపు ఆజ్ఞను గూడ సులభము చేసితిమి.

ఇంట్ వాన = 17, దినములు = 3;
ఫ్లోట్ సగటు = వాన / దినములు;

మూడు దినములలో 17 మిల్లీమీటర్ల వాన కురిసినది. సగటును రెండు దశాంశ స్థానములతో ముద్రించినచో నేమి వచ్చును? మన లెక్కల ప్రకారము 5.67. యంత్రము చెప్పునది 5.00. ఏలన, "ఇంట్" అనగా పూర్ణసంఖ్య. పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యచే భాగించునప్పుడు సీ భాష భిన్నభాగమును విడిచివేయును. "సగటు" అను గిన్నెకు దశాంశములను పట్టు శక్తి యున్నను, అందు పోయుటకు మునుపే ఆ భాగము నేల పాలైనది. భాగహారమునకు ముందే వానను ఫ్లోటుగా మార్చినచో సరియైన జవాబు వచ్చును. చినుకు చినుకునకు లెక్కగల మన సీమలో ఇది చిన్న దోషము గాదు.

సుంకేసుల నుండి కడపవైపు సాగు కర్నూలు కడప కాలువ గట్టున మైలురాళ్లకు సంఖ్యలు వేయవలెనని యనుకొందము.

ఫర్ (మైలు = 1; మైలు <= 5; మైలు++);
    ముద్రణ(మైలు);

1 మొదలు 5 వఱకు వచ్చునని పదిమందిలో తొమ్మండుగురు చెప్పుదురు. పలకపై గడులు గీచి, ప్రతి చుట్టునకు "మైలు" విలువను వ్రాయుచు పోయినచో నిజము తేలును. మొదటి పంక్తి చివర సెమికోలను ఉన్నది. ఆ చుట్టు ఏ పనియు చేయక తనలో తాను తిరిగి, విలువ 6 కాగానే ఆగును. పిమ్మట ముద్రణ మొక్కమారే జరుగును. రాతిపై పడునది 6 మాత్రమే.

ఇంకొకటి.

ఇఫ్ (పదును = 1)
    ముద్రణ("విత్తనము వేయుడు");

నేలలో పదును లేనప్పుడు "పదును" విలువ 0. అయినను ఇది విత్తుమనియే చెప్పును. ఒక్క సమగుర్తు పోల్చదు, విలువను పెట్టును; పోల్చుటకు == కావలెను. వేరుసెనగ రైతు దీనిని నమ్మి విత్తనము ఎండు దుక్కిలో పోసినచో వాని గతి యేమి? ఇట్టి ప్రోగ్రామును కంపైలరు నిరాకరింపదు. హెచ్చరికలను చూపుమని కోరినవారికి మాత్రము సాధారణముగా తెలుపును. గనుక హెచ్చరికలను కోరుట మేలు.

కంపైలరు 8వ పంక్తిలో దోషమున్నదని చెప్పినప్పుడు 7వ పంక్తి కొనను గూడ జూడవలెను. అచ్చట మఱచిన సెమికోలను తఱచుగా తరువాతి పంక్తిలో బయటపడును. ఇరువది దోషములు కానవచ్చినను మొదటిదానినే దిద్ది మరల చూడుడు. తక్కినవానిలో సగము తామే పోవును.

ఒక మాట యుపాధ్యాయులకు. క = క++ + ++క; వంటి ప్రశ్నలు కొన్ని పుస్తకములలో కానవచ్చుచున్నవి. ఒక్క వాక్యమున నొకే గిన్నెను ఇట్లు పలుమార్లు మార్చినచో ఫలితమేమో సీ భాషా ప్రమాణము నిర్ణయింపనే లేదు. ఒకచోట నొక సంఖ్య, వేఱొకచోట వేఱొకటి రావచ్చును. ఇట్టివానితో పిల్లల కాలమును హరింపరాదని మా దృఢాభిప్రాయము. "దీనికి నియత ఫలితము లేదు" అని వ్రాసిన బాలునకే పూర్తి మార్కులీయవలెను.

ఈ చిన్న గుర్తులపై నింత పట్టుదల యేల యని యడుగువారు 1990 జనవరి 15వ తేదీని తలచుకొనవలెను. నాడు అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థవారి దూరప్రాంత టెలిఫోను వ్యవస్థ సుమారు తొమ్మిది గంటలు కుంటుపడినది. కారణము సీ ప్రోగ్రామునందలి యొక్క "బ్రేక్" అను మాట. అది "ఇఫ్" నుండి బయటికి తెచ్చునని తోచును. కాని తెచ్చునది దాని వెలుపల నున్న "స్విచ్" నుండియో, చుట్టు నుండియో. ఆ భేదమును పలకపై నడిపి చూచిన బాలిక కనుగొనగలదు.

చదువరుల యభ్యాసమునకై యొకటి యిచ్చుచున్నాము. కాపరి మూడేసి గొఱ్ఱెలను దొడ్డిలోనికి తోలుచున్నాడు.

ఇంట్ గొఱ్ఱెలు = 10;
వైల్ (గొఱ్ఱెలు > 0)
    గొఱ్ఱెలు = గొఱ్ఱెలు - 3;
ముద్రణ(గొఱ్ఱెలు);

బయట నెన్ని మిగిలినవని యంత్రము చెప్పును? ఆ సంఖ్యగల మంద లోకమున నెచ్చటను లేదు గనుక, రెండవ పంక్తిలోని షరతు నెట్లు దిద్దవలెను?