నవ్వినవాళ్లంతా సీతలు కారు

వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట పిల్లల్ని ఇంటిపట్టున కూర్చోబెట్టడం ఎంత కష్టమో తల్లులకే తెలుసు. అందులోనూ కరెంటు పోయిందంటే ఇక చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ఆదుకునే ఆట ఒకటుంది. దానికి పాత నోటుబుక్కులో ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, హనుమంతుడు అని ఆరు చీటీలు రాసి, మడిచి, గుప్పిట్లో కుదిపి నేలమీద పడేస్తారు. తలా ఒకటి తీసుకోవాలి. రాముడు వచ్చినవాళ్లు బయటపడి, సీత ఎవరో చెప్పాలి. తప్పు చెబితే పాయింట్లు సీతకు పోతాయి. కొన్ని ఇళ్లలో ఇదే ఆట రాజు, మంత్రి, పోలీసు, దొంగ అవుతుంది. పేర్లు మారినా కిటుకు ఒకటే. నలుగురిలో దాక్కున్న మనిషిని పట్టుకోవాలి.

మా చల్లపల్లిలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఈ ఆట తెలియని ఇల్లు ఉండదేమో! అయితే దీన్ని గెలవడానికి తెలివైన లెక్క ఒకటుందని, ఆ లెక్క పెద్దవాళ్లయిన మనకే ఎక్కువ పనికొస్తుందని ఎప్పుడైనా ఆలోచించారా?

చీటీలాట మాస్కోలో

ఇలాంటి ఆటనే 1986లో మాస్కో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న దిమిత్రీ దవీదొవ్ తయారుచేశాడు. దాని పేరు మాఫియా. గుంపులో కొద్దిమంది దొంగలు. వాళ్లెవరో వాళ్లకు మాత్రమే తెలుసు. మిగతావాళ్లంతా మంచివాళ్లే, కానీ ఎవరికీ ఏమీ తెలియదు. రాత్రయితే దొంగలు ఒకరిని ఆట నుంచి తప్పిస్తారు. తెల్లారాక అందరూ కూర్చుని, వాదించుకుని, ఓట్లేసి, దొంగ అనుకున్నవాళ్లను బయటికి పంపుతారు. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ ఇదే ఆటను తోడేళ్ల కథగా మార్చాడు. 2018లో వచ్చిన ‘అమాంగ్ అస్’ అనే ఫోన్ ఆట, 2020లో అందరూ ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో ప్రపంచమంతా పాకింది. మీ అబ్బాయి ఫోన్ పట్టుకుని ‘దొంగ వాడే, వాడే’ అని అరిచింది బహుశా అప్పుడే.

2008లో బ్రావర్మన్, ఎతెసామీ, మోసెల్ అనే ముగ్గురు గణితవేత్తలు దీనిమీద ఒక పరిశోధన పత్రమే రాశారు. పోలీసు లేకుండా ఆడితే, దొంగల సంఖ్య మొత్తం మందికి వర్గమూలం స్థాయిలో ఉన్నా చాలు, రెండు పక్షాలకూ గెలిచే అవకాశం ఉంటుందని తేల్చారు. అంటే జనం పెరిగినంతగా దొంగలు పెరగనక్కర్లేదన్నమాట. తెలిసిన కొద్దిమంది ముందు తెలియని ఎంతోమంది అంత బలహీనులు. ఒక్క పోలీసు చేరితే మాత్రం కథ మారిపోతుంది. అప్పుడు దొంగలు జనంలో ఒక వంతుగా ఉంటే తప్ప నెగ్గుకురాలేరు. ఒక్కరికి నిజం తెలిస్తే ఎంత తేడానో చూశారా!

నవ్వు విలువెంత?

మళ్లీ మన సీత దగ్గరికొద్దాం. రాముడు కాక ఇంకా ఐదుగురున్నారు. కళ్లు మూసుకుని ఒకరిని చూపిస్తే అయిదింట ఒక వంతు, అంటే నూటికి ఇరవై సార్లు కుదురుతుంది. కానీ కళ్లు మూసుకుని ఎవరు చెబుతారు? మొహాలు చూస్తాం. ఎవరు ముసిముసిగా నవ్వితే వాళ్లే సీత అంటాం.

ఇక్కడే ఒక చిన్న లెక్క. చీటీ చూసుకున్నాక సీత వచ్చినవాళ్లు పదింట ఎనిమిదిసార్లు నవ్వు ఆపుకోలేరనుకుందాం. సీత కానివాళ్లు కూడా, పక్కవాళ్లను చూసో ఏమీ తోచకో, పదింట నాలుగుసార్లు నవ్వుతారనుకుందాం. మీ పక్కన కూర్చున్న పిల్లకు నూరు ఆటల్లో ఇరవైసార్లు సీత వస్తుంది. అందులో పదహారుసార్లు నవ్వుతుంది. మిగతా ఎనభై ఆటల్లో సీత రాకపోయినా ముప్ఫై రెండుసార్లు నవ్వుతుంది. మొత్తం నలభై ఎనిమిది నవ్వులు. వాటిలో నిజమైన సీత నవ్వులు పదహారే. అంటే మూడింట ఒక వంతు!

నవ్వు చూసి చెబితే మన అంచనా ఇరవై నుంచి ముప్ఫై మూడుకు పెరిగింది, నిజమే. అయినా మూడింట రెండుసార్లు మనం తప్పే. నవ్వినవాళ్లంతా సీతలు కారు. ‘సీత అయితే ఇలా చేస్తుందా?’ అన్నది సగం ప్రశ్నే. ‘సీత కానివాళ్లు కూడా ఇలా చేస్తారా?’ అన్నది మనం అడగడం మర్చిపోయే రెండో సగం.

జంటలు రాసుకోండి

ఇద్దరు దొంగలుండే ఆటలో ఒక్కొక్కరినీ విడిగా అనుమానించడం కంటే, కాగితంమీద జంటలు రాసుకోవడం మేలు. మీతో కలిపి ఏడుగురు ఆడుతున్నారు. ఇద్దరు దొంగలు, ఒక పోలీసు. మీకు వచ్చింది మామూలు చీటీ. మిగిలినవాళ్లు వదిన, మరదలు, తోడికోడలు, పిన్ని, ఇద్దరు పిల్లలు. ఈ ఆరుగురిలో దొంగల జంట పదిహేను రకాలుగా ఉండొచ్చు. ఒక్కొక్కరు అయిదు జంటల్లో ఉంటారు. అంటే ఎవరిమీదైనా అనుమానం మూడింట ఒక వంతు.

ఇంతలో వదిన ‘నేనే పోలీసుని’ అంది. వెంటనే మరదలు ‘కాదు, నేను’ అంది. మంచివాళ్లు అబద్ధం ఆడరు, అసలు పోలీసు ఊరుకోదు అనుకుంటే, వీళ్లలో ఒకరు పోలీసు, ఒకరు దొంగ. రెండో దొంగ మిగతా నలుగురిలో ఉంది. ఇప్పుడు మిగిలింది ఎనిమిది జంటలే. వదిన, మరదలు చెరి నాలుగు జంటల్లో ఉన్నారు, కాబట్టి వాళ్లమీద అనుమానం సగానికి పెరిగింది. తక్కిన నలుగురిమీదా నాలుగో వంతుకు తగ్గింది. నోరు విప్పని పిన్ని మీద కూడా అనుమానం తగ్గిందని గమనించండి! బయటికి పంపినవాళ్ల చీటీ విప్పి చూపే పద్ధతిలో ఆడితే, వదినను పంపి చూడండి. ఆవిడ దొంగ అయితే సరే. పోలీసు అయితే మరదలు దొరికిపోయినట్టే.

ఆట కాని చోట

ఇంతా చెప్పింది ఆట గెలవడానికి మాత్రమే కాదు. ఒక ఇంట్లో చెవి దిద్దు కనిపించలేదనుకోండి. మొదట ఎవరి పేరు వస్తుంది? పనిమనిషి పేరు. ‘అడగ్గానే దాని మొహం ఎలా పాలిపోయిందో చూశావా? చేతులు వణికాయి’ అంటారు. ఇది పైన మనం చూసిన నవ్వు లెక్కే. తీసినవాళ్లు వణుకుతారు, సరే. తియ్యనివాళ్లు వణకరా? నెల జీతంమీద ఇల్లు నడిపే మనిషిని నలుగురి ముందూ నిలబెట్టి అడిగితే, తప్పు చెయ్యకపోయినా వణుకే వస్తుంది.

వెనకటి రోజుల్లో వస్తువు పోతే అంజనం వేయించేవారు. మంత్రించిన బియ్యం నమిలించేవారు. నోరెండి బియ్యం నలగకపోతే దొంగ అన్నమాట. నోరెండేది భయానికి, తప్పుకు కాదు. అమాయకురాలైనా బెదిరిపోతే ఎండుతుంది. బీర్బల్ పేరు మీద చెప్పే కర్రల కథ ఇంతకంటే నయం. అందరికీ సమానమైన కర్రలిచ్చి, తెల్లారేసరికి దొంగ కర్ర జానెడు పెరుగుతుందన్నాడట. దొంగ రాత్రికి రాత్రి తన కర్రను కోసుకుని దొరికిపోయాడు. కర్ర కోసుకోవాల్సిన అవసరం అమాయకులకు లేదు కదా! పరీక్ష అంటే అది. ఇద్దరూ ఒకేలా చేసే పని పరీక్ష కాదు.

ఆటకూ ఇంటికీ అన్నిటికంటే పెద్ద తేడా ఇంకొకటుంది. ఆటలో దొంగ చీటీ తప్పకుండా ఉంటుంది, మనమే రాశాం కనుక. ఇంట్లో దొంగ చీటీ ఉందని ఎవరు చెప్పారు? దిద్దు తలగడ గలేబులో ఉండొచ్చు, బాత్రూం తూములో పడి ఉండొచ్చు, పెళ్లికి తీసుకెళ్లిన సంచీ అడుగున ఉండొచ్చు. ‘ఎవరూ తియ్యలేదు’ అనే చీటీ కూడా కుప్పలో ఉంది. చాలాసార్లు అదే అన్నిటికంటే పెద్ద చీటీ. దాన్ని కలపకుండా లెక్కవేస్తే, మొదటి అడుగులోనే ఎవరో ఒకరు దొంగ అయిపోతారు.

ఇక తప్పు పోయినప్పుడు నష్టం ఎవరిది? ఆటలో పాయింట్లు పోతాయి, చీటీలు మళ్లీ వేస్తాం. అందుకే మూడింట ఒక వంతు నమ్మకంతో కూడా పేరు చెప్పొచ్చు. ఇంట్లో ఒకరి పేరు చెబితే ఆ మాట సాయంత్రానికి వీధంతా తిరుగుతుంది. ఆమె పనిచేసే మిగతా ఇళ్లవాళ్లు కూడా రేపట్నుంచి రావద్దంటారు. వారం తర్వాత దిద్దు బీరువా సందులో దొరికినా, పోయిన పేరు ఏ సందులోనూ దొరకదు.

కాబట్టి ఏదైనా కనపడకపోతే ముందు కాగితం తీసుకోండి. చివరిసారి ఎప్పుడు, ఎక్కడ పెట్టుకున్నారో రాయండి. ఆ తర్వాత గదిలోకి వచ్చినవాళ్లందరినీ రాయండి, మన చుట్టాలతో సహా. వెతకాల్సిన చోట్లన్నీ వెతికాకే ఎవర్నయినా అడగండి. అదీ ‘తీశావా?’ అని కాదు, ‘కనపడిందా?’ అని. రెండింటికీ తేడా ఒక్క మాటే. వినేవాళ్లకు మాత్రం కొండంత తేడా.

ఈసారి పిల్లలు చీటీలాట ఆడుతుంటే మీరూ ఓ చీటీ తీసుకోండి. ‘సీత వీడే’ అని ఎవరైనా అనగానే ‘ఎందుకనుకుంటున్నావు?’ అని అడగండి. ‘నవ్వాడుగా’ అంటే, ‘సీత కానివాళ్లు నవ్వరా?’ అనండి. ఆ ప్రశ్న ఆటలో అలవాటైతే, పెద్దయ్యాక ఎవరినైనా వేలెత్తి చూపేముందు వాళ్లకే గుర్తొస్తుంది.