‘ఎవ్వరికీ చెప్పనని ప్రమాణం చెయ్యక్కా!’

“ఎవ్వరికీ చెప్పనని ప్రమాణం చెయ్యక్కా. వినాయకుడి మీద ప్రమాణం!”

తొమ్మిదో తరగతి అమ్మాయి. బడి వెనకాల వేపచెట్టు కింద నిలబడి, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ అడిగింది. కాణిపాకం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాట బరువెంతో తెలుసు. అప్పు ఎగ్గొట్టలేదనో, దొంగతనం చెయ్యలేదనో తేలాలంటే మా పెద్దవాళ్లు ఆ గుడికే పోయి ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధమాడితే స్వామి ఊరుకోడని నమ్మకం.

నేను చేసేశాను. అప్పటికి ఈ పనికి కొత్త. అదెంత పెద్ద తప్పో తెలియడానికి వారం పట్టింది. ఆ సంగతి చెప్పేముందు, అసలు నా పనేంటో చెప్పాలి.

డాక్టర్ని కాదు, టీచర్నీ కాదు

కాణిపాకం అందరికీ తెలుసు. అది చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో ఉందని మాత్రం చాలామందికి తెలీదు. మామిడి తోటలు, పాడి ఆవులు, పనికోసం బెంగళూరు బస్సెక్కే నాన్నలు... ఇదీ మా ప్రాంతం. ఇక్కడి బడులకు తిరిగి పిల్లలతో మాట్లాడటం నా ఉద్యోగం. టీచర్లు ‘కౌన్సెలింగ్ మేడమ్’ అంటారు. పిల్లలకు మాత్రం అక్కనే.

నేను మందులు రాయను. పిల్లల మనసులో ఇబ్బంది మొదలైనప్పుడే గుర్తుపట్టి, అది ముదరకముందే సాయం అందేలా చూస్తాను. దీన్ని ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’ అంటారు. తల్లిదండ్రుల మీటింగుల్లో ఆ మాట వాడితే ఎవరికీ ఎక్కదు. అందుకే ఒకటే అడుగుతా: “మామిడికి తేనెమంచు పురుగు పడితే పూత మీదుండగానే మందు కొడతారా, అంతా రాలిపోయినాక కొడతారా?” అందరూ నవ్వుతారు. విషయం అర్థమైపోతుంది.

సోమవారం కడుపునొప్పి

ఆరో తరగతి పిల్లాడొకడు. (ఇందులో చెప్పే పిల్లలెవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.) ప్రేయర్ బెల్ కొట్టగానే వాడికి కడుపునొప్పి. ఇంటికి పంపిస్తే గంటకు తగ్గిపోతుంది. పీహెచ్‌సీలో చూపించారు, ఏమీ లేదన్నారు. “దొంగ నొప్పి మేడమ్, హోంవర్కు చెయ్యక వేషాలేస్తా ఉండాడు” అన్నారు వాళ్ల సారు.

నా సంచిలో 25 ప్రశ్నల ఫారం ఒకటి ఉంటుంది. పిల్లల ప్రవర్తన, భావోద్వేగాలు అంచనా వెయ్యడానికి చాలా దేశాల్లో వాడతారు. కానీ నాకు అంతకంటే ఎక్కువ పనికొచ్చేది హాజరు పట్టీ. వాడి పేరుకు ఎదురుగా వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోయాను. నొప్పి వచ్చిన రోజులన్నీ దాదాపు సోమవారాలే. లేకపోతే పండగ సెలవుల తర్వాతి రోజు.

మూడుసార్లు కలిశాక గానీ నోరు విప్పలేదు. నాన్న బెంగళూరులో పని. శనివారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి పోతాడు. ఆ ఒక్కరోజూ ఇంట్లో గొడవే. నాన్న పోయాక అమ్మ తిండి మానేసి పడుకుంటుంది. ఒకసారి ‘నేనుండి ఏం లాభం’ అని ఏడ్చింది.

“నేను బడికొచ్చేస్తే అమ్మ ఒక్కతే ఉంటాదక్కా. ఏమన్నా అయితే?”

అది దొంగ నొప్పి కాదు. భయం కడుపులోకి దిగితే నొప్పి నిజంగానే వస్తుంది. మనకు ఇంటర్వ్యూ ముందు కడుపులో తిప్పుతుందే, అలాంటిదే. కాకపోతే పదకొండేళ్ల పిల్లాడికి ‘నాకు ఆందోళనగా ఉంది’ అని చెప్పడం రాదు. ‘కడుపు నొప్పి’ అని చెప్పడం వచ్చు.

మేం చేసినవి రెండే పనులు. ఒకటి, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వాళ్లమ్మను కలిశాం. ఆమెకే ముందు సాయం కావాలి. ఆమె ఒప్పుకున్నాక పక్కనే కూర్చుని టెలి మానస్‌కి ఫోన్ చేయించాం, తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయాం. రెండు, ఇంటర్వెల్‌లో హెడ్‌మాస్టర్ ఫోన్ నుంచి వాడు ఇంటికి ఒక్క నిమిషం మాట్లాడొచ్చని ఒప్పందం. “అమ్మా, తిన్నావా?” అని అడిగి పెట్టేస్తాడు. అంతే. రూపాయి ఖర్చు లేదు.

క్లాసుకు ముగ్గురు

‘మా బడిలో అలాంటి పిల్లలెవరూ లేరు’ అనే మాట తరచూ వింటాను. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్లవాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే 40 మంది క్లాసులో సుమారు ముగ్గురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10-19 ఏళ్లవాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరు.

ఆ ముగ్గురూ అల్లరి చేసేవాళ్లే కానక్కర్లేదు. అల్లరోడిని అందరూ చూస్తారు. చప్పుడు చెయ్యకుండా వెనక బెంచీకి జరిగిపోయిన పిల్లను ఎవరూ చూడరు. నేను టీచర్లకు చెప్పేది ఒక్కటే: ‘మంచి పిల్లా, చెడ్డ పిల్లా’ అని కాదు, ‘మార్పు’ చూడండి. ముందు బాగా తినే పిల్ల మధ్యాహ్న భోజనంలో గుడ్డు కూడా వదిలేస్తోందా? ఆటల పీరియడ్‌లో గోడకానుకుని కూర్చుంటున్నాడా? నిద్ర, తిండి, స్నేహాలు, చదువు... వీటిలో మార్పు రెండు వారాలు దాటిందంటే పలకరించాల్సిందే.

ఆ వారం ఏం జరిగిందంటే...

వేపచెట్టు కింది అమ్మాయి సంగతి. క్లాసులో ముందుండేది. రెండు నెలల్లో మార్కులు పడిపోయాయి. నేనే పిలిచి అడిగాను. ప్రమాణం చేయించుకున్నాకే చెప్పింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఒకడు తన ఫొటోలు పెట్టుకుని బెదిరిస్తున్నాడు. ఇంకా పంపకపోతే అందరికీ పంపిస్తానంటున్నాడు.

నేనేం చేశాను? “ధైర్యంగా ఉండు, వచ్చే వారం మళ్లీ మాట్లాడదాం” అన్నాను. నమ్మి చెప్పింది కదా, ఆ నమ్మకం పోగొట్టకూడదు అనుకున్నాను. హెడ్‌మాస్టర్‌కి చెప్పలేదు. వాళ్లమ్మకు చెప్పలేదు.

వచ్చే వారం నేను వెళ్లేసరికి ఆ బెంచీ ఖాళీ. ఫొటో ఊళ్లో ఫోన్లలోకి వచ్చేసింది. ఇంట్లోవాళ్లు ఫోను లాక్కుని, బడి మాన్పించి, దూరంగా బంధువుల ఇంటికి పంపించేశారు. తప్పు చేసినవాడి గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. అందరూ ఆ పిల్ల గురించే మాట్లాడారు.

తర్వాత పోలీసులకు చెప్పాం. కానీ మొదటిరోజే చెప్పాల్సింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని లైంగికంగా వేధిస్తున్నారని తెలిస్తే చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టమే అంటోంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది రహస్యం దాచుకోవడానికి కాదు. మోయలేక వచ్చింది. నేనేమో ఆ మూటను తిరిగి ఆమె నెత్తినే పెట్టి పంపించాను.

రెండేళ్ల తర్వాత కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో కనిపించింది. ఇంటర్ చదువుతోందట. నన్ను చూసి నవ్వింది గానీ దగ్గరికి రాలేదు.

ఇప్పుడు ముందే చెప్పేస్తా

ఆ తర్వాత నుంచి ఏ పిల్లతో అయినా మాట్లాడేముందు ఇలా చెప్తాను: “నువ్వు చెప్పింది ఊరంతా చెప్పను. కానీ మూడు దాచలేను. నీ ప్రాణానికి ప్రమాదముంటే, నీ వల్ల ఇంకొకరికి ప్రమాదముంటే, నిన్నెవరైనా వేధిస్తా ఉంటే. అప్పుడు కూడా ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకే చెప్తా. నువ్వొక్కదానివే పోనక్కర్లేదు, నేనూ వస్తా.”

ఇలా అంటే పిల్లలు నోరు విప్పరేమో అని భయపడ్డాను. కొందరు ఆరోజుకి లేచి వెళ్లిపోతారు, నిజమే. కానీ చాలామంది తిరిగొస్తారు. ఎందుకంటే వాళ్లకు కావాల్సింది రహస్యం కాదు, తోడు.

బడికో మనిషి కావాలి

విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఓ అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో ఉండాలి. అంతకన్నా తక్కువుంటే బయటి నిపుణులతో లింకు పెట్టుకోవాలి. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

నాకు ఆ రెండో మాటే ముఖ్యం. పల్లె బడుల్లో వందమంది పిల్లలే ఉండరు. అలాంటిచోట లింకు అంటే కాగితం మీద ఒక నంబరు కాదు. పలానా పిల్లకు డాక్టరు కావాలంటే తిరుపతికా, వేలూరుకా, ఎవరు తీసుకుపోతారు, ఆరోజు కూలి పోతే ఎట్లా, బస్సు ఛార్జీ ఎవరిస్తారు... ఇవన్నీ తేలితేనే లింకు. ఇంట్లోవాళ్లు ‘గాలి సోకింది, తాయెత్తు కట్టిస్తాం’ అంటే నేను వాదించను. “కట్టించండి అవ్వా, డాక్టరుకూ చూపిద్దాం” అంటాను. వాదిస్తే నాకు తలుపు మూసుకుపోతుంది, పిల్లకు దారి మూసుకుపోతుంది.

మీ ఇంట్లో ఒకరుంటారు

ఇది ఫోన్‌లో చదువుతున్న మీకూ ఓ తమ్ముడో, చెల్లో, పక్కింటి పిల్లో ఉంటారు. అమ్మానాన్నలకు చెప్పనివి మీకే ముందు చెప్తారు. అప్పుడు...

• ‘ఇంతేనా?’ అనకండి. ‘మా కాలంలో’ అని మొదలుపెట్టకండి. ముందు పూర్తిగా వినండి.

• ‘ఎందుకు చేశావ్?’ అనకుండా ‘ఎప్పటినుంచి ఇలా ఉంది?’ అని అడగండి.

• చచ్చిపోవాలనిపిస్తోందేమో అని అనుమానమొస్తే నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే పెద్దవాళ్లను పిలవండి.

• దాస్తానని మాటివ్వకండి. తోడుంటానని మాటివ్వండి.

టెలి మానస్ నంబరు 14416. 24 గంటలూ, ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలకు ఆపదైతే 1098. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

చివరిగా, మా సోమవారం పిల్లాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత వారానికి రెండుసార్లు. పోయిన సోమవారం ఇంటర్వెల్ అయిపోయాక కబడ్డీ ఆడి, ఒళ్లంతా దుమ్ముతో ఎదురొచ్చాడు.

“ఏరా, ఈరోజు అమ్మకు ఫోన్ చెయ్యలేదా?”

నాలుక కరుచుకున్నాడు.

“మర్చిపోయినానక్కా!”