సంతాన చికిత్సలో సూక్ష్మజీవుల పాత్ర

అనంతగిరి పేరు వినగానే మన పూడూరు, వికారాబాదు ప్రాంతములవారికి క్షయ వైద్యశాల గుర్తుకు వచ్చును. నిజాం పాలనలో వెలసిన ఆ వైద్యశాల వలన క్షయ అనగా ఊపిరితిత్తుల జబ్బేయని మనలో పెక్కుమంది తలంతుము. కాని ఆ క్రిమియే రక్తము ద్వారా స్త్రీల అండవాహికలను చేరి, దగ్గు, జ్వరము లేకుండగనే వాటిని మూసివేయగలదు. మన దేశమున సంతానలేమికి గల కారణములలో ఇది ఒకటి. ‘గొడ్రాలు’ అని లోకము నిందించిన స్త్రీలలో ఈ రోగపీడితులు ఎందరో!

అయితే సూక్ష్మజీవులన్నియు శత్రువులు కావు. పాలను పెరుగుగా మార్చు జీవులకు బంధువులైన లాక్టోబాసిల్లస్ జాతులు స్త్రీ జననమార్గమున నివసించి లాక్టిక్ ఆమ్లమును తయారుచేయును. ఆ పులుపులో హానికర క్రిములు సులభముగా పెరుగజాలవు. జర్మన్ వైద్యుడు డోడర్లైన్ 1892లోనే వీటిని వర్ణించెను.

అండమును, వీర్యకణమును దేహము వెలుపల కలిపి, పిండమును గర్భాశయమున ప్రవేశపెట్టు చికిత్స ద్వారా 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ జన్మించెను. అదే సంవత్సరము అక్టోబరు 3న, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలితముగా కలకత్తాలో ‘దుర్గ’ జన్మించెను. 2023లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలోను ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రము ప్రారంభింపబడినది. అయినను ప్రవేశపెట్టిన ప్రతి పిండమును నిలువదు. విత్తనముతోపాటు నేలయు అనుకూలింపవలెనని తాండూరు కంది రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

గర్భాశయమున సూక్ష్మజీవులే ఉండవని చాలాకాలము భావించిరి. 2016లో స్పెయిన్ పరిశోధకులు ఈ చికిత్స పొందుచున్న 35 మంది స్త్రీలను పరీక్షించిరి. గర్భాశయ ద్రవములోని సూక్ష్మజీవులలో లాక్టోబాసిల్లస్ 90 శాతమునకు తక్కువగా ఉన్నవారిలో పిండము నిలుచుట తగ్గెను, గర్భస్రావములు హెచ్చెను.

ఇచట మనము తొందరపడరాదు. రెండు విషయములు కలిసి కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు. ముప్పది అయిదుగురిని చూచి లోకమంతటికి తీర్పు చెప్పరాదు. సూక్ష్మజీవులను మార్చు మందుల వలన సంతానము తప్పక కలుగునని ఇంకను రుజువు కాలేదు. కావున అట్టి ప్రకటనలను నమ్మి, అప్పుచేసి ధనము వెచ్చించుటకు ముందు వైద్యుని సలహా పొందవలెను.

పురుషుని వీర్యములోను సూక్ష్మజీవులుండును. లోపము అతనియందును ఉండవచ్చును. కనుక పరీక్షలకు దంపతులిద్దరును కలిసి వెళ్లవలెను. సంతానలేమి శరీరమునకు సంబంధించిన విషయమే గాని ఎవరి పాపఫలమును కాదు. చదువుకొన్న మన విద్యార్థినీ విద్యార్థులు ఈ ఒక్క మాటను తమ ఇండ్లలో చెప్పగలిగినచో, ఏ ఇల్లాలికో కొంత కన్నీరు తప్పునని మా ఆశ.