బొగ్గులోని వేడి – పొలములోని నీరు
ఇబ్రహీంపట్నము థర్మల్ కేంద్రము రైతునకు నేర్పు లెక్క



కృష్ణా డెల్టా శివారు భూములలో కాలువ నీరు అందనప్పుడు ఫిల్టరు పాయింటు మోటారే మనకు దిక్కు. స్టార్టరు బొత్తాము నొక్కగానే నీరు పడును. ఆ కరెంటు ఎచ్చటినుండి వచ్చుచున్నదో ఎప్పుడైనను ఆలోచించితిరా? నీటినుండి, గాలినుండి, ఎండనుండి వచ్చునది కొంత. బొగ్గు కాల్చగా వచ్చునదే అందులో పెద్ద భాగము.

విజయవాడనుండి హైదరాబాదు పోవు దారిలో ఇబ్రహీంపట్నము దగ్గర ఎత్తైన పొగగొట్టములను మీరు చూచియే యుందురు. అదియే డాక్టరు నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రము. వీటీపీఎస్ అను పాత పేరుతోనే దానిని నేటికిని చాలమంది పిలుచుచున్నారు. మొదటి 210 మెగావాట్ల యూనిట్టు 1979లో ప్రారంభమైనది. 1995 నాటికి అట్టివి ఆరు ఏర్పడినవి. 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది వచ్చి చేరినవి.

ఆవిరికి గల బలము

ఇడ్లీ పాత్ర మూతను ఆవిరి ఎగదోయుట ప్రతి ఇంటను చూచునదే. ఒక లీటరు నీరు మరిగి ఆవిరియైనచో సుమారు 1,700 లీటర్ల చోటు కావలెను. ఆ చోటు ఇయ్యక బంధించినచో దానికి గొప్ప బలము వచ్చును. ఉప్పుడు బియ్యపు మిల్లులోని బాయిలరును ఎరిగినవారికి ఈ సంగతి క్రొత్త కాదు.

థర్మల్ కేంద్రములో సింగరేణి, ఒడిషాలోని తాల్చేరు గనులనుండి రైళ్లలో వచ్చు బొగ్గును పిండివలె మెత్తగా విసరి, గాలితో కొలిమిలోనికి ఊదుదురు. కొలిమి గోడలనిండ నీటి గొట్టములుండును. వానిలో పుట్టిన ఆవిరిని ఇంకను కాచి సుమారు 540 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి తెత్తురు. 210 మెగావాట్ల యూనిట్టులో ఆ ఆవిరి పీడనము చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 కిలోలు. ట్రాక్టరు వెనుక టైరులో గాలి పీడనము కిలో, కిలోన్నర మాత్రమే యని తలచుకొన్నచో దాని తీవ్రత తెలియును.

ఈ ఆవిరి టర్బైను రెక్కలపై పడి దానిని నిమిషమునకు 3,000 చుట్లు త్రిప్పును. దానితో కలిసి తిరుగు జనరేటరులో కరెంటు పుట్టును. దానిని ట్రాన్స్‌ఫార్మరులతో హెచ్చు వోల్టేజికి పెంచి దూరప్రాంతములకు పంపుదురు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు దానిని తిరిగి తగ్గించి మీ మోటారుకు అందించును.

కృష్ణ నీటితో పని యేమి?

బొగ్గు కాల్చుటకు నది ఒడ్డు ఎందుకని కొందరు అడుగుదురు. టర్బైను దాటిన ఆవిరిని చల్లార్చి మరల నీటిగా మార్చి బాయిలరుకు పంపవలెను. ఆవిరిని ఆవిరిగానే మరల బాయిలరులోనికి నెట్టవలెనన్నచో వచ్చిన బలమంతయు అందుకే చెల్లిపోవును. అందుచే ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణానదినుండి నీరు తెచ్చి, వేలకొలది సన్నని గొట్టములలో పారించి, వానిపై ఆవిరిని చల్లార్తురు. నీరు ఆ వేడిని తీసికొని వెచ్చబడును.

కాలువమీది డ్రాపును జ్ఞాపకము చేసికొనుడు. నీరు మీదినుండి క్రిందికి దుమికినప్పుడే చక్రము తిరుగును. వేడియు అంతే. హెచ్చు వేడినుండి తక్కువ వేడికి దిగునప్పుడే పనిచేయును. బాయిలరు మీది మట్టము, నది క్రింది మట్టము. కావున కొంత వేడిని నదికి వదలక తప్పదు. ఇది ప్రకృతి ధర్మము. మీది మట్టము పెరిగినకొలది ఫలము పెరుగును. 800 మెగావాట్ల యూనిట్టును ఇంకను హెచ్చు పీడనముతో నడుపుట అందుకే.

నూరులో మిగులునదెంత?

బొగ్గులోని వేడిని 100 బస్తాల ధాన్యమనుకొందము. 210 మెగావాట్ల యూనిట్టులో పొగగొట్టము, బాయిలరులయందు సుమారు 15 బస్తాలు, చల్లార్చు నీటిలో సుమారు 50 బస్తాలు పోవును. కరెంటుగా మారునవి 35. కేంద్రము తన సొంత యంత్రములకు వాడుకొనునది, తీగలలో నష్టమగునది తీసివేయగా మీ మోటారుకు చేరునవి 30కి లోపే. మంచి పంపుసెట్టు వానిలో సగమును నీరు తోడుటకు వినియోగించును. పాత పంపుసెట్టు నాలుగవ వంతు మాత్రమే. అనగా 100కు 15 రావలసినచోట 7 మాత్రమే వచ్చును.

నదిలో పోవు వేడిని ఇంజనీరులు పూర్తిగా ఆపలేరు. పంపు దగ్గర పోవు దానిని రైతు ఆపగలడు.

ఒక యూనిట్టు కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావలెను. 5 హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు, అనగా 3 కిలోల బొగ్గు తినును. రోజుకు 8 గంటలు నడిచినచో 25 కిలోలు. అందులో మూడవ వంతుకు పైగా బూడిదగా మిగులును. 2004 నుండి మన రాష్ట్రములో సేద్యమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చుచున్నారు. విద్యుత్తు ఉచితమైనను బొగ్గు ఉచితము కాదు.

రైతు చేయవలసినవి

1. ఐ.ఎస్.ఐ. గుర్తు గల పంపుసెట్టునే కొనవలెను. నీటి లోతును, ఊటను బట్టి హార్స్‌పవరును ఎంచుకొనవలెను. పలుమారులు వైండింగు కట్టిన మోటారు కరెంటును ఎక్కువ తాగును.

2. నీటిని అడ్డగించని ఫుట్‌వాల్వు, తగినంత వెడల్పు గల పి.వి.సి. గొట్టములు వాడవలెను. అనవసరపు వంపులుండరాదు. నీరు పడు గొట్టమును బోదె మట్టమునకు రెండు మూడు అడుగులు ఎత్తి ఉంచుట వృథా. ఆ ఎత్తుకు తోడిన శ్రమయంతయు క్రింద పోయినట్లే.

3. కెపాసిటరు తప్పక ఉండవలెను. 5 హార్స్‌పవర్ మోటారుకు 2 కె.వి.ఏ.ఆర్. కెపాసిటరు చాలును. అది తీగలలో కరెంటు భారమును తగ్గించును. లో-వోల్టేజి బాధ తగ్గును. దానిని విద్యుత్ సిబ్బందిచేతనే బిగింపించుకొనవలెను.

4. ఆటో స్టార్టరు తీసివేయవలెను. కరెంటు రాగానే మోటారులన్నియు ఒక్కసారి బయలుదేరినచో ట్రాన్స్‌ఫార్మరు కాలును, ఊరంతటి పైరు ఎండును.

5. వరికి ఎల్లవేళల నీరు నిలువ ఉంచనక్కరలేదు. నాటు కుదుటపడిన పిమ్మట మడిని ఆరనిచ్చి తడులిచ్చుట మంచిది. పొట్ట, పూత దశలలో మాత్రము నీటి ఎద్దడి రానీయరాదు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. కెపాసిటరును ఒక్క రైతు పెట్టినచో లాభము కొంచెమే. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందరు పెట్టినచో ఫలితము కంటికి కనుపించును. వారిని ఒకచోట కూర్చి ఈ లెక్క వివరింపుడు. పొలములో ఒక యూనిట్టు మిగిలినచో ఇబ్రహీంపట్నములో దానికి మూడు రెట్ల వేడి మిగులును.