పిడికెడు గింజలు, చిన్న నాణెము

కరువుసీమలో దానమునకు పేరుపడినవారెవరని అడిగినచో, కర్నూలు ప్రాంతమువారు తడుముకొనక చెప్పు పేరు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిది. 1866 నాటి కరువులో ఆయన తన గాదెలు తెరచి వేలమందికి గంజి పోయించెను. విక్టోరియా రాణి పతకము పంపెను. పల్లెలలో ఆయనపై పాటలు పుట్టెను. అది పెద్ద చేయి పెట్టిన పెట్టు. నేడు మేము చెప్పబూనినది మరియొక విధమైన దానము. దీనికి దాత పేరు లేదు, పాట లేదు. ఎసరు పెట్టిన ఇల్లాలు ఆ పూటకు కావలసిన గింజలు కొలిచి, అందులోనుండి పిడికెడు తీసి వేరొక ముంతలో వేయుట, అంతియే దీని స్వరూపము.

తెలుగుదేశపు క్రైస్తవ సంఘములలో ఈ అలవాటునకు ‘పిడికెడు బియ్యము’ అని పేరు. బియ్యము పండుగనాటి వంటగా ఉన్న మెట్టసీమలో అది జొన్నయో కొర్రయో అగుట సహజము. ముంత నిండినప్పుడు దానిని గుడికి తెత్తురు; గింజలను అమ్మి, వచ్చిన డబ్బును సంఘపు పనికి, దిక్కులేని విధవకు, చదువుకొను పేదపిల్లకు వాడుదురు. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్యగారు ఈ ఆచారమును తన సంఘములలో మిక్కిలిగా ప్రోత్సహించెను. పుచ్చుకొనువారు ఎంత పేదలైనను ఇచ్చువారు కూడ కావలెనని ఆయన పట్టుదల. ఈ పట్టుదలయే మా ప్రసంగమునకు మూలము. లోకములోని పేద స్త్రీలకు, ఆడపిల్లలకు తోడ్పడుటకై క్రైస్తవ స్త్రీలు స్వచ్ఛందముగా చేయు పనికి పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్రలో కర్నూలు, కడప సీమలు చాలకాలము పుచ్చుకొను చేతులుగానే ఎంచబడెను. అది పూర్తి నిజము కాదు.

మొదట పుచ్చుకొనిన కథ చెప్పవలెను.

లండను మిషనువారు కడపలో 1822లోనే పని ఆరంభించిరి. తరువాత జమ్మలమడుగు వారికి పెద్ద కేంద్రమాయెను. 1890 ప్రాంతముల దశకములో అచట వెలసిన కాంబెల్ ఆసుపత్రి పేరు ఆ చుట్టుపట్ల తెలియనివారు లేరు. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలలలో ఇంగ్లండు సంఘమువారు, కర్నూలులోను, 1970 వరకు కర్నూలు జిల్లాలోనే ఉండిన కంభము, మార్కాపురములలోను అమెరికను బాప్టిస్టులు నెలకొనిరి. వీరందరికిని ఎదురైన చిక్కు ఒకటే. కర్నూలును, కడపయును నవాబులు ఏలిన పట్టణములు. అచటి గొప్ప ఇండ్లలో ఘోషా గట్టిది; పరపురుషుడు, అతడు వైద్యుడైనను సరే, లోపలికి అడుగిడరాదు. పల్లెలో ఘోషా లేకున్నను పురుటి గది గడప పురుషునకు నిషిద్ధమే. కావున స్త్రీలకు చదువు చెప్పుటకును, వైద్యము చేయుటకును స్త్రీలే కావలసి వచ్చిరి. వారిని పంపుటకు డబ్బెవరిత్తురు? మిషను సభలు నడుపు పెద్దమనుష్యులు ఒంటరి స్త్రీలను దూరదేశములకు పంపుటకు తొలినాళ్లలో అంతగా మొగ్గు చూపలేదు.

అప్పుడు గృహిణులే పూనుకొనిరి. 1869లో బోస్టను నగరమున కొలదిమంది మెథడిస్టు స్త్రీలు చేరి, వారమునకు రెండు సెంట్లు, ఒక ప్రార్థన అను నియమముతో ఒక సంఘము స్థాపించిరి. ఆ ఏడే వారు ఉత్తర హిందూస్థానమునకు ఒక ఉపాధ్యాయినిని, ఒక వైద్యురాలిని పంపగలిగిరి. రెండేండ్లకు, 1871లో, బాప్టిస్టు స్త్రీలు తమ సంఘము పెట్టుకొనిరి; మన తెలుగు సీమకు వచ్చిన ఉపాధ్యాయినులు, వైద్యురాండ్రు పెక్కుమంది ఈ సంఘము పంపినవారే. 1910 నాటికి అమెరికాలో ఇట్టి స్త్రీల సంఘములు నలువదికి పైగా ఉండెను. జీతము లేని కార్యదర్శులు, జీతము లేని కోశాధికారిణులు, భోజనానంతరము ఒకరి ఇంట చేరి కుట్టుపని చేయుచు దూరదేశపు ఉత్తరములు చదువుకొను స్త్రీలు. సంఘమునకు బలము వారే. వారిలో పలువురికి తమ పేర బ్యాంకు ఖాతా లేదు. ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లరయే వారి ఆస్తి.

ఈ సంఘములు తలయెత్తుచున్న కాలమునందే రాయలసీమకు 1876-78 నాటి ధాత కరువు వచ్చెను. 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలు జిల్లా దాదాపు నాలుగవ వంతు ప్రజను కోల్పోయెను. కరువులో మొదట ఆకలిగొనునది ఆడుది, అందులోను ఆడపిల్ల. ఈ మాట వినుటకు కటువైనను మా సీమ ముసలమ్మల నోట పలుమారు విన్నదే. తల్లిదండ్రులు పోయిన పిల్లలకు వసతి పాఠశాలలు ఆశ్రయమాయెను.

వసతి పాఠశాల అనగా ఏమో నేటి శ్రోతలకు కొంచెము విప్పి చెప్పవలెను. పేద ఇంట ఆడపిల్లను బడికి పంపుట అనగా ఖర్చు లేకపోవుట కాదు. ఆమె కలుపు తీసి తెచ్చు గింజలు ఇంటికి తప్పిపోవును. చంటిబిడ్డను ఎత్తుకొనువారు ఉండరు. తిండి, బట్ట, పలక అన్నియు బడియే ఇచ్చినగాని తల్లి ఒప్పుకొనలేదు. ఆ తిండి ఖర్చును సముద్రముల ఆవలి ఒక స్త్రీల సమాజమో, ఒక ఆదివారపు బడి పిల్లలో భరించెడివారు. ఫలానా పిల్ల మా పిల్ల అని వారు చెప్పుకొనెడివారు.

ఇందులో మంచి ఎంత ఉన్నదో ఇబ్బందియు అంత ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దమున పలు మిషను బడులలో, ఖర్చు భరించు దాత పేరునే పిల్లకు పెట్టుట కలదు. ఎల్లమ్మగా వచ్చిన పిల్ల ఎలిజబెత్తుగా పిలువబడెను. తిండిపెట్టు చేతికి పేరు మార్చు హక్కు ఎక్కడిదని నేడు మనము అడుగుదుము, అడుగవలసినదే. అన్నముతోపాటు మతమును బోధించుటపై నాడును నేడును వాదోపవాదములు కలవు. ఆ స్త్రీలు తమ మతమును దాచుకొనలేదు. అది తమ సేవలో భాగమని బాహాటముగా చెప్పిరి. ఆ మాట ఒప్పుకొనుట ఒకటి, ఆ బడిలో అక్షరము నేర్చిన పిల్లను తక్కువ చేసి చూచుట వేరొకటి. రెండవ దానితో మేము ఏకీభవింపము.

ఈ వరుసలో ఒక స్త్రీ కథ తెలుగువారు తెలిసికొనదగినది. లూసీ వాటర్బరీ అను యువతి 1881లో పెండ్లియాడి, భర్తతో మద్రాసు వచ్చి, అచటి తెలుగువారి నడుమ బాప్టిస్టు మిషను పనిలో ఉండెను. 1886లో భర్త మరణించెను. చిన్న బిడ్డలతో ఆమె అమెరికా తిరిగిపోయి, బాప్టిస్టు స్త్రీల సంఘమునకు కార్యదర్శిని ఆయెను. తరువాతి వివాహముచే లూసీ పీబాడీ అని ప్రసిద్ధి. 1890లో ఆమెయు, ఆమె స్నేహితురాలు హెలెన్ మాంట్‌గొమరీయు విదేశములలోని పనికై స్త్రీలందరు ఒకనాడు కలిసి ప్రార్థింపవలెనని పిలుపునిచ్చిరి. అట్టి పిలుపులు పెరిగి 1927 నుండి ‘ప్రపంచ ప్రార్థన దినము’గా నిలిచెను. ప్రార్థనతో ఆమె ఆగలేదు. ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలలకు భవనములు కట్టుటకై డబ్బు పోగుచేయ బూనెను. అందులో మద్రాసు స్త్రీల క్రైస్తవ కళాశాలయు, వేలూరులో 1918లో ఐడా స్కడ్డరు పెట్టిన స్త్రీల వైద్య పాఠశాలయు ఉన్నవి. 1923 జనవరి నాటికి స్త్రీలు ఇరువది లక్షల డాలర్లు తెచ్చినచో పది లక్షలు తాము కలుపుదుమని రాక్‌ఫెల్లరు నిధివారు పందెము వంటి మాట చెప్పిరి. స్త్రీలు తెచ్చిరి. ఆ ఇరువది లక్షలలో ఒక్కొక్క డాలరుగా వచ్చినది ఎంతో ఉన్నది.

వేలూరు మన జిల్లాలలోనిది కాదు కదా యని శ్రోతలు అనవచ్చును. కాని కడప సీమ రోగులకు వేలూరు దారి కొత్తది కాదు. 1911 వరకు కడప జిల్లాలోనే ఉండిన మదనపల్లెలో, సరిగా ఆ సంవత్సరముననే, అదే ఆర్కాటు మిషనువారి పక్షమున డాక్టరు లూయిసా హార్టు స్త్రీలకై మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని నడుప మొదలిడెను.

ఇక ఈ కథలో అందరికంటె తక్కువగా చెప్పబడినవారు మన తెలుగు స్త్రీలే. వారిని ‘బైబిలు స్త్రీలు’ అనెడివారు. పెక్కుమంది విధవలు, పెక్కుమంది మాల మాదిగ కుటుంబములవారు. నెలకు కొద్ది రూపాయల జీతము. చంకలో సంచి, చేతిలో పుస్తకము, ఎండలో కోసుల నడక. ఊరిలోనికి పోయి, అరుగుమీద కూర్చుండనిచ్చినచో అరుగుమీద, లేనిచో చెట్టునీడన కూర్చుండి, అక్షరములు దిద్దించుట, కథ చెప్పుట, పాట పాడుట. ఆసుపత్రియనిన భయపడు గర్భిణికి బండిలో తోడు వచ్చుట. దొరసానికి రాని భాష, రాని మర్యాద, తెలియని చుట్టరికములు ఈమెకు తెలియును. అత్తకు కోపము రాకుండ కోడలికి చదువు చెప్పుట ఎట్లో ఏ మిషను పుస్తకము నేర్పును? వార్షిక నివేదికలలో దొరసాని పేరు ఇంటిపేరుతో సహా ఉండును. ఈమె పేరు ‘మా బైబిలు స్త్రీ’ అను మాటలో మునిగిపోవును. పిడికెడు గింజలు అమ్మిన డబ్బుతో కొన్నిచోట్ల ఈమె జీతము చెల్లించిరనుట గమనింపదగినది. అచట పుచ్చుకొనిన చేయియే ఇచ్చిన చేయి ఆయెను.

ఈ తలక్రిందులు పూర్తిగా జరిగినది 1956లో. ఆ సంవత్సరము పలుదేశముల క్రైస్తవ స్త్రీలు కొందరు బృందముగా తూర్పు ఆసియా పర్యటనకు బయలుదేరిరి. భారతదేశమునుండి శాంతి సాలమన్ గారు అందులో ఉండిరి. కొరియా ప్రవేశమునకు ఆమెకు అనుమతి దొరకలేదు. తక్కినవారు పోగా ఆమె ఫిలిప్పైన్సులో ఆగిపోయెను. యుద్ధముల మాలిన్యము ఇంకను తొలగని రోజులు. సరిహద్దు దాటలేని తనవంటి స్త్రీ ఏమి చేయగలదు? ప్రార్థన సరిహద్దులు దాటును. దానితో ఒక నాణెము కూడ దాటవచ్చును, అని ఆమెకు తోచెను. ఇతరులకొరకు ప్రార్థించిన ప్రతిసారి, తన దేశములో చెల్లు నాణెములలో మిక్కిలి చిన్నదానిని ఒకదానిని ప్రక్కన పెట్టవలెను. అంతకు మించి ఇయ్యరాదు.

ఈ చివరి నియమము చిన్నదిగా కనబడును గాని ఈ ఏర్పాటునకు ప్రాణము అదియే. ధనవంతురాలు పెద్ద నోటు వేసి ముందు వరుసలో కూర్చుండుటకు వీలులేదు. అమెరికా స్త్రీ సెంటు వేయును, మన స్త్రీ పైస వేయును. ఇరువురి ముడుపును ఒకే సంచిలో పడును, ఎవరికి ఎవరును దాత కారు. అట్లు చేరిన డబ్బు పలుదేశములలోని స్త్రీలు, పిల్లల కొరకైన పనులకు పోవుచున్నది. వారమునకు రెండు సెంట్ల కాలమునుండి ఇది ఎంత దూరమో చూడుడు. నాడు ఇచ్చుదేశములు, పుచ్చుకొనుదేశములు వేరు. ఇచట ఆ గీత లేదు. 1955లో అమెరికా బాప్టిస్టు స్త్రీల సంఘము పురుషుల సంఘములో విలీనమై తన వేరు ఉనికిని కోల్పోయెను. ఆ మరుసటి ఏడే ఆసియా స్త్రీనుండి ఈ తలపు పుట్టుట యాదృచ్ఛికమే కావచ్చును, కాని మాకు వింతగానే తోచును.

1956లో మన జేబులలో కానీలు, అర్ధణాలు ఉండెను. 1957 ఏప్రిలులో కొత్త పైసలు వచ్చెను. 2011 జూను 30తో పావలా, అంతకు దిగువ నాణెములన్నియు చెల్లకుండ పోయెను. అర్ధరూపాయి చట్టప్రకారము చెల్లునుగాని అంగటివాడు పుచ్చుకొనడు. కాబట్టి నేడు చిన్న నాణెమనగా రూపాయియే.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన రాయలసీమ అధ్యక్ష మండలము కడప కేంద్రముగాను, తరువాత చేరిన నంద్యాల అధ్యక్ష మండలము నంద్యాల కేంద్రముగాను పనిచేయుచున్నవి. ఈ సంఘములోని స్త్రీల సమాజమునకు ‘స్త్రీల మైత్రి’ అని పేరు. విదేశపు డబ్బునకు 2010 నాటి చట్టము గట్టి నిబంధనలు పెట్టినది; కనుక ఇంటి ముంత, ఊరి రూపాయి మునుపటికంటె ముఖ్యములైనవి. చేయవలసిన పనికి కొరత లేదు. 2011 లెక్కలలో కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సుమారు సగమే. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో నంద్యాల, కర్నూలు ప్రాంతముల సంకర పత్తి విత్తనపు చేలలో ‘క్రాసింగు’ పనికి ఆడపిల్లలనే ఏరికోరి పెట్టుకొనుట పరిశీలకులు వెల్లడించిరి. విచ్చని మొగ్గనుండి కేసరములు గిల్లి, మరునాడు పుప్పొడి అద్దు పని అది. చేయి చిన్నది, వంగనక్కరలేని ఎత్తు, కూలి తక్కువ. పైగా తల్లిదండ్రులు ముందుగా అడ్వాన్సు పుచ్చుకొనియుందురు. నూరేండ్ల క్రిందట కలుపు చేనినుండి పిల్లను బడికి రప్పించుటకు ఏ లెక్క వేయవలసి వచ్చెనో, పత్తి చేనినుండి రప్పించుటకును ఆ లెక్కయే. ఆమె తెచ్చు కూలిని ఎవరు భర్తీ చేయుదురు, ఎవరు పోయి తల్లితో మాటలాడుదురు?

ప్రపంచ ప్రార్థన దినము ప్రతి సంవత్సరము మార్చి నెల మొదటి శుక్రవారము జరుగును. ఆనాటి ప్రార్థన క్రమమును ఏటికొక దేశపు స్త్రీలు వ్రాయుదురు. తమ దేశములోని ఆడువారి కష్టములను వారే తమ మాటలలో చెప్పుదురు. అది పలు భాషలలోనికి మారి దేశదేశముల సంఘములలో ఒకేనాడు చదువబడును. ఆనాడు పట్టు సంచిలో పడు కానుకయు స్త్రీల పనికే.